ఒకే వీధి ఉన్న పోలెండ్ ఊరు: ఫొటో నిజమే, కానీ వీధి కంటే ముందు అక్కడ ఏరు ఉంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "పోలెండ్‌లో ఒక ఊరంతా ఒకే వీధిలో ఉందనీ, ఆరువేల మంది ఆ వీధిలోనే ఉంటారనీ వాట్సాప్‌లో ఫొటో తిరుగుతోంది. ఇళ్ల వెనక రంగురంగుల చీర అంచుల్లా సన్నటి పొలాలు. ఇది నిజమైన ఊరా, ఏఐ బొమ్మా? నిజమైతే అలా ఎందుకు కట్టుకున్నారు? అక్టోబరులో మాస్టర్స్ కోసం క్రాకోవ్ వస్తున్నాను, వెళ్లి చూడొచ్చా?"

ఊరు నిజం. పేరు సువోషోవా. పోలిష్‌లో అడ్డగీత ఉన్న 'ఎల్' అక్షరాన్ని 'వ' అని పలుకుతారు. అది తెలియక స్పెల్లింగ్ చూసి మనవాళ్లు 'సులోస్జోవా' అంటుంటారు. క్రాకోవ్‌కి వాయవ్యంగా ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుంది. జనాభా ఆరువేలకు కాస్త తక్కువ. ఊరి గుండా పోయే ప్రధాన రోడ్డు సుమారు 9 కిలోమీటర్లు. అందరూ ఆ ఒక్క రోడ్డు మీదే ఉంటారన్నది కొంచెం సాగదీసిన మాట, పక్క సందులూ ఉన్నాయి. కానీ ఊరి ఆకారం మాత్రం ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది.

ఇక ఎందుకు అలా అంటే, ఒక్క ముక్కలో: అక్కడ ముందు వచ్చింది వీధి కాదు, ఏరు. చుట్టూ సున్నపురాయి గుట్టలు, వాటి మీద నీళ్లు నిలవవు. నీళ్లు దొరికేది లోయ అడుగున. అందుకే ఇళ్లన్నీ ఏటి వెంట వరుసగా వచ్చాయి. ప్రతి కుటుంబానికీ ఏటి ఒడ్డు నుంచి గుట్ట మీది అడవి దాకా ఒకే పొడుగాటి పట్టీ ఇచ్చారు. ఆ పట్టీలను తరతరాలుగా నిలువునా చీల్చి పంచుకున్నారు. మీరు ఫొటోలో చూస్తున్న రంగులు ఆ వాటాలే.

నేను పదమూడేళ్లుగా క్రాకోవ్‌లో ఉంటున్నాను. పని భూముల సర్వే, మ్యాపుల తయారీ. సగం రోజులు ఆఫీసులో కంప్యూటర్ ముందు, సగం రోజులు ఈ పొలాల గట్ల మీద. కాబట్టి నాకు తెలిసింది కాస్త వివరంగా రాస్తాను. ఈ ఊళ్లంటే నాకు చాలా ఇష్టం, అందుకే ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

ముందు నేల సంగతి

పోలెండ్ అంటే మనకు చదునైన మైదానం గుర్తొస్తుంది. ఉత్తరాన, మధ్యలో అది నిజమే. దక్షిణపు చివర తాత్రా పర్వతాలు. ఈ రెంటికీ నడుమ తూర్పు పడమరలుగా ఒక మెరక ప్రాంతం ఉంది. పడమట సైలీషియా, తర్వాత క్రాకోవ్ నుంచి చెన్‌స్తొహోవా వైపు సాగే సున్నపురాయి మెరక, ఆ పక్కన క్యెల్ట్సే చుట్టూ పాత కొండలు, తూర్పున లూబ్లిన్ మెరక. ఎత్తులు మరీ ఎక్కువేమీ కావు. క్రాకోవ్-చెన్‌స్తొహోవా మెరకలో బాగా ఎత్తుగా నిలిచేది ఓగ్రొజ్యెన్యెత్స్ కోట ఉన్న కొండ, అది కూడా సుమారు 516 మీటర్లే. మన వైపు వాళ్లకి దాన్ని కొండ అనడానికి మనసొప్పదు.

సువోషోవా ఉన్నది ఈ క్రాకోవ్-చెన్‌స్తొహోవా మెరక దక్షిణ భాగంలో. ఇక్కడ నేలను రెండు పొరలుగా ఊహించుకోండి. కింద సున్నపురాయి. జురాసిక్ కాలంలో, పదిహేను కోట్ల ఏళ్లకు పైబడిన మాట, ఇక్కడ వెచ్చటి సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి. అందుకే ఇక్కడివాళ్లు ఈ ప్రాంతాన్ని 'యూరా' అంటారు. మన 'జురాసిక్' కూడా ఆ మాటకు చుట్టమే. సున్నపురాయికి ఒక గుణం ఉంది, వానపడితే నీళ్లు పగుళ్లలోంచి కిందికి జారిపోతాయి. ఏడాదికి ఇక్కడ 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, తక్కువేమీ కాదు. అయినా గుట్టల మీద చెరువూ ఉండదు, వాగూ ఉండదు. రాయి లోపల మాత్రం గుహలే గుహలు.

పైపొర వేరు. మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పరిచిన సన్నటి దుమ్ము, దాన్ని లెస్ అంటారు. కొన్నిచోట్ల కొన్ని మీటర్ల మందం, కొన్నిచోట్ల పది మీటర్లు దాటుతుంది. మొదటిసారి పొలానికి వెళ్లినప్పుడు మా సీనియర్ ఒక పిడికెడు నా చేతిలో పోసి, వేళ్ల మధ్య రుద్దమన్నారు. గోధుమపిండిలా ఉంది, ఒక్క రాయి తగల్లేదు. లేత పసుపు రంగు. తడిస్తే బూటుకి అంటుకుని వదలదు, ఆరితే గాలికి లేస్తుంది. గునపంతో నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుంది. కానీ గట్టివాన పడితే చక్కెరలా కరిగి వాలు వెంట రోడ్డు మీదికొచ్చేస్తుంది. పంటకు మాత్రం బ్రహ్మాండమైన నేల. గోధుమ, బార్లీ, బంగాళాదుంప, క్యాబేజీ, స్ట్రాబెర్రీ, ఏది వేసినా వస్తుంది.

అంటే పైన మంచి మట్టి, కింద చిల్లుల కుండ లాంటి రాయి. తిండికి కొదవలేదు, నీళ్లకే కష్టం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఈ ప్రాంతంలో ఏ ఊరు ఎందుకు ఎక్కడుందో చాలావరకు చెప్పేయొచ్చు.

నీళ్ల కష్టం ఎలాంటిదో నాకు తెలిసింది ఒక బావి దగ్గర. గుట్ట మీద ఒక చిన్న ఊరు, నలభై యాభై గడపలు. కొలతలకు వెళ్తే ఒక పెద్దావిడ తన పెరట్లో మూతవేసిన పాత బావి చూపించింది. చెక్కమూత పక్కకు జరిపి, నా చేతికి ఒక గులకరాయి ఇచ్చి వెయ్యమంది. వేశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక గానీ కింద నుంచి చప్పుడు రాలేదు. మీరే లెక్కవేసుకోండి, నలభై మీటర్ల దరిదాపు. చిన్నప్పుడు చక్రం తిప్పి బకెట్ పైకి లాగడానికి ఇద్దరు కావాల్సివచ్చేదట. అందుకే బావి నీళ్లు మనుషులకే. పశువులకీ బట్టలకీ పైకప్పు మీంచి కారిన వాననీళ్లు తొట్లలో పట్టుకునేవారు. ఇంటికి కుళాయి వచ్చిన రోజు తన అత్తగారు కుళాయి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుందని ఆవిడ చెప్పింది. నేను గుట్ట మీది ఊళ్లకి వెళ్లినప్పుడల్లా ఆ కుర్చీ గుర్తొస్తుంది.

సువోషోవా వాళ్ల అదృష్టమల్లా ప్రొంద్నిక్ అనే ఏరు. అది ఈ ఊళ్లోనే పుడుతుంది. మనం అడుగేసి దాటేంత సన్నగా మొదలై, ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రవహించి, క్రాకోవ్ నగరంలో విస్తులా నదిలో కలుస్తుంది. చివర్లో దాన్నే బ్యవూహా అని పిలుస్తారు. మీరు క్రాకోవ్‌లో దిగాక నగరంలో దాటబోయే ఆ చిన్న కాలువ లాంటి నీళ్లు ఈ ఊరివే.

ఇంకో మాట. ఇక్కడ నీళ్లను ఊరికే ఉన్నట్టు అనుకోకూడదు. సువోషోవాకి పడమట ఓల్‌కుష్ పట్టణం దగ్గర సీసం, జింకు గనులు ఉండేవి. గనిలోకి ఊరే నీళ్లను పంపులతో తోడి స్తోవా అనే ఏటిలోకి వదిలేవారు. గని మూతపడి పంపులు ఆపేశాక, 2022లో ఆ ఏరు ఎండిపోయింది. ఏరే కనబడకుండా పోయింది. సున్నపురాయి నేల మీద బతకడమంటే అలాగే ఉంటుంది.

ఇక ఆ పట్టీల సంగతి

1241లో మంగోలులు వచ్చి క్రాకోవ్‌ని తగలబెట్టారు. ఆ తర్వాతి వందేళ్లలో రాజులు, ప్రభువులు, మఠాలవాళ్లు అడవులు నరికించి కొత్త ఊళ్లు వేయించారు. దీనికి జర్మన్ పట్టణాల నుంచి తెచ్చుకున్న చట్టాన్ని వాడారు. పద్ధతి ఏమిటంటే, ఒక కాంట్రాక్టర్ లాంటి మనిషి వచ్చి ప్రభువుతో ఒప్పందం చేసుకుంటాడు. కుటుంబాలను పోగుచేసి తీసుకొస్తాడు, భూమి కొలిచి పంచుతాడు. ప్రతిఫలంగా ఊరి పెద్దరికం, కొంత భూమి తనకు. పోలెండ్‌లో ఇప్పటికీ ఊరి పెద్దను 'సోవ్‌టిస్' అంటారు. ఆ పదం అప్పటిదే, ఇప్పుడు మాత్రం ఊరివాళ్లు ఎన్నుకుంటారు.

కొత్తగా వచ్చినవాళ్లకు అడవి నరుక్కునేదాకా కొన్నేళ్లు పన్ను ఉండదు. ఆ పన్ను లేని స్వేచ్ఛను 'వోలా' అనేవారు. పోలెండ్ మ్యాపులో మీకు వందల కొద్దీ 'వోలా' ఊళ్లు కనబడతాయి. సువోషోవా పక్కనే వోలా కలినోఫ్‌స్కా ఉంది. ఊరి పేరులోనే పన్ను మినహాయింపు రాసి ఉందన్నమాట.

ఒక్కో కుటుంబానికి ఇచ్చే భూమికి 'వాన్' అని పేరు. కొలత ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, పెద్ద రకం అయితే ఇరవై నాలుగు ఇరవై ఐదు హెక్టార్లు, అంటే మన లెక్కలో అరవై ఎకరాలు. దాన్ని చదరంగా కాకుండా పట్టీగా ఎందుకు కొలిచారు? ఇక్కడే ఆనాటి కొలతగాడి తెలివికి నేను దండం పెడతాను. లోయలో ఒక ముక్క, గుట్ట మీద ఒక ముక్క అని విడివిడిగా ఇస్తే ఒకడికి నీళ్లు, ఇంకొకడికి రాళ్లు. పట్టీగా ఇస్తే ప్రతివాడికీ అన్నీ కొంచెం కొంచెం దక్కుతాయి. ఏటి పక్కన పశువులకు పచ్చిక. కాస్త పైన ఇల్లు, కొట్టం, ధాన్యపు కొట్టు, పండ్ల చెట్లు. ఆ వెనక వాలు మీద మంచి లెస్ పొలం. శిఖరం దగ్గర కట్టెలకు అడవి ముక్క. పొలానికి వెళ్లాలంటే పక్కవాడి భూమి తొక్కనక్కర్లేదు, ఇంటి వెనక తలుపు తీస్తే చాలు.

ధాన్యపు కొట్ల వెనక, ఊరి పొడవునా, ఇంకో మట్టిబాట ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగేది దాని మీదే. డ్రోన్ ఫొటోల్లో అది సరిగ్గా తెలియదు గానీ, నా ఉద్దేశంలో ఊరికి అసలైన రెండో వీధి అదే.

ఆ పట్టీలు ఇంత సన్నబడటానికి కారణం వారసత్వం. అప్పట్లో ఈ ప్రాంతం రష్యా చక్రవర్తి కింద ఉండేది. 1864లో ఆయన ఉత్తర్వుతో ఈ వైపు రైతులు వెట్టి నుంచి బయటపడి భూమికి యజమానులయ్యారు. ఆ తర్వాత పిల్లల మధ్య పంపకాలు. అడ్డంగా కోస్తే ఒకడికి ఇల్లూ నీళ్లూ, ఇంకొకడికి అడవీ మిగులుతాయి. అందుకని ప్రతిసారీ నిలువునా కోశారు. ముగ్గురు కొడుకులైతే మూడు పట్టీలు. వాళ్లకి ఇద్దరేసి అయితే ఆరు. ఇల్లు మాత్రం వీధి మీదే ఉండాలి, కాబట్టి వీధి పొడవునా ఇళ్లు దగ్గర దగ్గరగా వచ్చేశాయి.

నేను స్వయంగా కొలిచిన అతి సన్నటి పట్టీ ఒకటి చెప్తాను, ఆ చుట్టుపక్కల ఊళ్లోదే. వెడల్పు 9 మీటర్లు, పొడవు 1,150 మీటర్లు. విస్తీర్ణం రెండున్నర ఎకరాలు వస్తుంది. కానీ వెడల్పు క్రికెట్ పిచ్ పొడవులో సగం కూడా లేదు. మందు కొట్టే యంత్రం రెక్కలు చాపితే పక్కవాళ్ల పొలం మీదికి పోతాయి. దానికి ఐదుగురు వారసులు. ఇద్దరు చికాగోలో, ఒకరు ఇంగ్లండ్‌లో. ఊళ్లో ఉన్న ఇద్దరిలో ఒకాయన గట్టు మీద నిలబడి, "మా నాన్న ఈ గడ్డిపరకని దాటి ఏనాడూ నాగలి వెయ్యలేదు" అన్నాడు. నిజంగానే ఆ గట్టు ఒక అడుగు వెడల్పు గడ్డి. కింద తవ్వితే పాత సరిహద్దు రాయి మేం అనుకున్న చోటుకి జానెడు దూరంలో దొరికింది. కృష్ణా డెల్టాలో మా తాతయ్య గట్టు గురించి మాట్లాడే గొంతు, ఆయన గొంతు ఒక్కలాగే ఉన్నాయి. నాకు ఆ రోజు పని మీద మనసు నిలవలేదు.

మరి వీటన్నిటినీ కలిపేయలేదెందుకు? చాలామంది అడిగే ప్రశ్న ఇది. 1923లోనే భూముల ఏకీకరణకు చట్టం వచ్చింది, కొన్ని ఊళ్లలో జరిగింది కూడా. కానీ ఇలాంటి లోయ ఊళ్లలో అది కష్టం. మెట్ట, పల్లం, వాలు, అడవి ఒక్కో పట్టీలోనూ ఉన్నప్పుడు, దేనికి దేన్ని సమానం చేస్తారు? యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం సామూహిక వ్యవసాయం తేవాలని చూసింది. రైతులు ఒప్పుకోలేదు. 1956 తర్వాత ఆ సహకార క్షేత్రాల్లో చాలావరకు రద్దయ్యాయి. సోవియట్ వైపు దేశాల్లో పోలెండ్ ఒక్కచోటే దాదాపు నాలుగింట మూడు వంతుల సాగుభూమి సొంత రైతుల చేతుల్లో మిగిలింది అంటే దాని వెనక ఈ మొండితనం ఉంది. నేటికీ దేశం మొత్తానికి సగటు కమతం సుమారు 11 హెక్టార్లయితే, క్రాకోవ్ ఉన్న మావోపోల్‌స్కా ప్రాంతంలో అది 4 హెక్టార్లకు కాస్త అటూ ఇటూ.

పట్టీలు ఉండటం మంచిదా చెడ్డదా అంటే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సాగు ఖర్చు లెక్కలో నష్టమే. డీజిల్ సగం మలుపుల్లోనే పోతుంది. పైగా వాలు వెంట నిలువుగా దున్నుతారు కాబట్టి మట్టి కొట్టుకుపోతుంది. కానీ పక్కపక్కనే గోధుమ, దుంప, గడ్డి, బార్లీ ఉన్నప్పుడు మధ్యలో గట్లు నీటిని కాస్త ఆపుతాయి. గట్ల మీద అడవిపూలు, తేనెటీగలు, కౌజులు, కుందేళ్లు బతుకుతాయి. అన్నీ చెరిపేసి ఒకే పెద్ద మొక్కజొన్న చేను చేసిన చోట, జూన్ తుఫాను తర్వాత రోడ్డు మీద మోకాలి లోతు బురద చూశాను. కాబట్టి కళ్లు మూసుకుని కలిపేయమని నేను ఎవరికీ చెప్పను. బయట ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తమ పట్టీలను సాగుచేసే పొరుగురైతుకి కౌలుకివ్వడం ఇప్పుడు ఎక్కువగా జరుగుతోంది. యాజమాన్యం పట్టీలుగానే ఉండి, దున్నడం మాత్రం కలిసిపోతుంది. ఇది మేలైన దారి అనిపిస్తుంది.

మ్యాపులో కనబడని సరిహద్దు

ఈ ప్రాంతపు ఏ ఊరి చరిత్ర వెతికినా మీకు అడ్డొచ్చేది ఒక పాత సరిహద్దు. పోలెండ్‌ని 18వ శతాబ్దం చివర మూడు రాజ్యాలు పంచుకున్నాయని చదివే ఉంటారు. 1815 తర్వాత సువోషోవా, దాని కింద ఉన్న ఓయ్‌ట్సూఫ్ రష్యా చక్రవర్తి కింద ఉండే పోలెండ్‌లోకి వెళ్లాయి. క్రాకోవ్ కొన్నాళ్లు స్వేచ్ఛా నగరం, 1846 నుంచి ఆస్ట్రియాది. ఆ సరిహద్దు క్రాకోవ్‌కి కాస్త ఉత్తరంగా పొలాల మధ్య నుంచి పోయేది. 1914 ఆగస్టు 6న, పోలెండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన నాయకుడు పివ్సూత్‌స్కీ పంపిన మొదటి దళం క్రాకోవ్ నుంచి బయలుదేరి మిహావోవిత్సె దగ్గర దాన్ని దాటింది. ఇప్పుడు అక్కడ కారులో వెళ్తుంటే సరిహద్దు దాటినట్టు తెలియనే తెలియదు.

కానీ కాగితాల్లో ఇంకా ఉంది. రష్యా వైపు ఊళ్లలో 1868 నుంచి చర్చి రిజిస్టర్లు రష్యన్ భాషలో రాశారు. ఆస్ట్రియా వైపు లాటిన్‌లో. పదిపదిహేను కిలోమీటర్ల దూరంలో పుట్టిన ఇద్దరు ముత్తాతల జనన నమోదులు రెండు వేర్వేరు లిపుల్లో ఉంటాయి. ఆస్ట్రియా వైపు 1:2880 స్కేలులో చక్కటి భూమి మ్యాపులున్నాయి, మా ఆఫీసులో ఇప్పటికీ వాడతాం. రష్యా వైపు అలాంటివి లేవు. 1864 నాటి పట్టికల్లో ఎవరికి ఎంత భూమో మాటల్లో ఉంటుంది, గీతల్లో ఉండదు. సువోషోవా వైపు ఊళ్లలో సరిహద్దు తగాదా వస్తే మాకు టెన్షన్ అందుకే. అప్పుడు గట్టునీ, రాయినీ, ముసలివాళ్ల జ్ఞాపకాన్నీ నమ్ముకోవాలి.

ఓయ్‌ట్సూఫ్ గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. మీరు అడిగినది పెద్ద ఊరు. నిజానికి పోలెండ్ లెక్కలో సువోషోవా చాలా పెద్ద పల్లె, సాధారణంగా ఇక్కడి ఊళ్లలో కొన్ని వందల మందే ఉంటారు. ఓయ్‌ట్సూఫ్ అలాంటి చిన్న ఊరు. అదే ప్రొంద్నిక్ లోయలో కిందికి ఉంటుంది. 1956లో ఏర్పడిన ఓయ్‌ట్సూఫ్ జాతీయ వనం మధ్యలో. వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లకు పైన, పోలెండ్ జాతీయ వనాల్లో అన్నిటికన్నా చిన్నది. వనం గుర్తు గబ్బిలం. గుహలు అన్నున్నాయి మరి. 14వ శతాబ్దంలో కజీమిర్ రాజు కట్టించిన కోట శిథిలం ఊరి మీద ఉంటుంది. ఆయన తండ్రి వోక్యెతెక్ శత్రువుల నుంచి తప్పించుకుని ఇక్కడి గుహలో దాక్కున్నాడని కథ. ఊరి పేరు 'తండ్రి' అనే మాట నుంచే వచ్చిందంటారు. 1829లో సంగీతకారుడు షోపెన్, అప్పటికి యువకుడు, మిత్రులతో బండిలో ఈ లోయకు వచ్చి, చీకట్లో దారితప్పి ఏటి నీళ్లలో తడిసిన సంగతి ఇంటికి ఉత్తరం రాశాడు. 1863లో రష్యా మీద జరిగిన తిరుగుబాటులో ఇక్కడే తిరుగుబాటుదారుల శిబిరం ఉండేది. 1901లో కట్టిన చెక్క ప్రార్థనామందిరం ఏటి మీద, రెండు ఒడ్లకూ ఆనుకుని ఉంది. ఓయ్‌ట్సూఫ్ నేల మీద గుడి కట్టకూడదని చక్రవర్తి ఉత్తర్వు ఉంటే, నేల మీద కాకుండా నీళ్ల మీద కట్టారని ఊరివాళ్లు చెప్పుకుంటారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ మెరక మీద మళ్లీ గీత పడింది. ఓల్‌కుష్‌ని జర్మనీ తన దేశంలోనే కలిపేసుకుంది, క్రాకోవ్‌ని ఆక్రమిత ప్రాంతంగా ఉంచింది. సువోషోవాకి దగ్గరి సంతపట్టణాలు ఓల్‌కుష్, స్కావా. రెంటిలోనూ యూదు కుటుంబాలు తరాలుగా ఉండేవి. రైతు పండించింది కొనేది, రైతుకి కావాల్సింది అమ్మేది ఎక్కువగా వాళ్లే. 1942లో వాళ్లని తీసుకెళ్లి చంపేశారు. ఇక్కడి పల్లెల గురించి రాసేవాళ్లు కోటలు, పూలు రాసి ఈ మాట వదిలేస్తుంటారు. సంత లేకుండా పల్లె లేదు, వాళ్లు లేకుండా ఆ సంత లేదు. అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు వెళ్తే ఏం చూడాలి

వెళ్లొచ్చు, తప్పకుండా వెళ్లండి. కారులో ముప్పావుగంట. బస్సులో అయితే స్కావా మీదుగా చూసుకోండి, ఆదివారాల్లో తిరుగు బస్సు ఎప్పుడో ముందే కనుక్కోండి. ఊరి కిందిచివర ప్యెస్కోవా స్కావా కోట ఉంది, దాని ముందు 'హెర్క్యులెస్ గద' అనే సున్నపురాయి స్తంభం, సుమారు 25 మీటర్లు. అక్కడినుంచి లోయ వెంట ఓయ్‌ట్సూఫ్ దాకా నడవొచ్చు.

రెండు జాగ్రత్తలు. రోడ్డు మీద నిలబడితే ఫొటోలో ఉన్నది ఏమీ కనబడదు. ఇళ్లు, కంచెలు, కార్లే. పట్టీలు చూడాలంటే గుట్ట మీదికి ఎక్కాలి. పంటలోకి దిగకుండా, ధాన్యపు కొట్ల వెనక మట్టిబాట నుంచి పైకి వెళ్లే బండిదారి పట్టుకోండి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు నిబంధనలు చూసుకోండి, ఒక పక్క విమానాశ్రయం, ఇంకో పక్క జాతీయ వనం. రెండోది, పొలంలో పనిచేస్తున్నవాళ్లు ఎదురైతే "ష్చెంష్చ్ బోజె" అనండి. దేవుడు మీ పనికి తోడుండాలి అని. పెద్దవాళ్లు "దాయ్ బోజె" అంటారు. మన రంగు, యాస చూసి మొదట కాస్త బిగుసుకున్నవాళ్లు కూడా ఆ ఒక్క మాటకి మెత్తబడటం నేను ఎన్నోసార్లు చూశాను.

అక్టోబరులో వస్తున్నారు కాబట్టి ఆ రంగులు మీకు ఆ నెలలో దొరకవు. మే నెలలో ఆవపువ్వులాంటి పసుపు, జులైలో పండిన గోధుమ, అప్పుడు మళ్లీ వెళ్లండి. అక్టోబరులో చాలా పట్టీలు దున్నేసి గోధుమరంగులో ఉంటాయి, నడుమ నడుమ శీతాకాలపు గోధుమ మొలకలు పచ్చగా. కానీ అది దుంపలు తీసిన రోజులు. ఎవరైనా పిలిస్తే కాదనకండి. మూడు కాళ్ల ఇనుప కుండ అడుగున క్యాబేజీ ఆకులు పరిచి, దుంపలు, ఉల్లిపాయ, బీట్‌రూట్, మాంసం ముక్కలు వరుసలుగా పేర్చి, పైన మళ్లీ ఆకులు కప్పి, మూత బిగించి నిప్పుల్లో పెడతారు. మాంసం తినకపోతే ముందే చెప్పండి, విడిగా చిన్న కుండ పెడతారు, నాకు పెట్టారు. గంటసేపు ఎవరినీ మూత తీయనివ్వరు. తీసినప్పుడు పై ఆకు నల్లగా మాడిపోయి ఉంటుంది, దాన్ని పక్కన పడేస్తారు. దాని కింద ఉన్న దుంప ఆ పట్టీలోదే.